సంతకం సరే... సైట్‌లో ఎవరు?

భారతదేశంలో భవన నిర్మాణానికి ఒకే చట్టం అంటూ లేదు. రాజ్యాంగం ప్రకారం భూమి, స్థానిక సంస్థలు రాష్ట్రాల జాబితాలోవి. అందుకే ఎంత సెట్‌బ్యాక్ వదలాలి, ఎన్ని అంతస్తులు లేపాలి, పార్కింగ్‌కు ఎంత చోటివ్వాలి అన్నవి రాష్ట్ర నిబంధనలు తేలుస్తాయి. ఆర్కిటెక్ట్ అనే పేరు ఎవరు పెట్టుకోవచ్చు, కట్టేచోట కూలీల ప్రాణాలకు ఎవరు పూచీ, ఫ్లాట్లు కొన్నవారి డబ్బు ఏ లెక్కన ఖర్చు కావాలి అన్నవి పార్లమెంటు చేసిన చట్టాలు చెబుతాయి. ఈ రెంటికీ నడుమ, కంకర కుప్పల పక్కన, చేతిలో డ్రాయింగ్‌తో ఆర్కిటెక్ట్ నిలబడతారు. అర్ధశతాబ్దంగా ఈ చట్టాలు ఒక్కో కాగితం మీదా ఆర్కిటెక్ట్ సంతకం అడుగుతూ వచ్చాయి. పని జరిగేచోట ఆర్కిటెక్ట్ ఉండి తీరాలని మాత్రం గట్టిగా చెప్పలేదు. ఇల్లు కట్టుకునేవారికి, ఫ్లాట్ కొనేవారికి, సెంట్రింగ్ కింద పనిచేసే కూలీకి ఈ లోటు చిన్నది కాదు.

పేరుకు రక్షణ, పనికి కాదు

ఆర్కిటెక్ట్స్ చట్టం 1972 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. దాని కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఏర్పడింది. గుర్తింపు ఉన్న కళాశాలలో ఐదేళ్ల బీఆర్క్ పూర్తిచేసి కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్నవారే ఆర్కిటెక్టులు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనైనా, విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనైనా పట్టా చేతికి రాగానే సరిపోదు, నమోదు కావాల్సిందే. సీఏ అక్షరాలతో మొదలయ్యే ఆ నంబరే డ్రాయింగ్ మీది ముద్రలో కనిపిస్తుంది.

ఆ చట్టంలోని 37వ సెక్షన్ దేన్ని నిషేధించిందన్న సంగతి చాలాకాలం తేలలేదు. పేరు వాడుకోవడాన్నా, పని చేయడాన్నా? నోయిడా అభివృద్ధి సంస్థలో ఉద్యోగ పదోన్నతుల మీద మొదలైన కేసులో 2020 మార్చిలో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. నమోదు కానివారు ఆర్కిటెక్ట్ అనే హోదా వాడకూడదు, భవనాలకు డిజైన్ చేయడం మాత్రం నిషేధం కాదు. న్యాయవాదులు, వైద్యుల విషయంలో పార్లమెంటు వృత్తి చేయడాన్నే కట్టడి చేసింది, ఆర్కిటెక్టుల విషయంలో అలాంటి మాటలు వాడలేదని కోర్టు గుర్తుచేసింది.

దీని ఫలితం ఏ పట్టణంలోనైనా కనిపిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పురపాలక సంస్థలు ఆర్కిటెక్టులతో పాటు ఇంజినీర్లకు, సర్వేయర్లకు కూడా ప్లాన్లు గీసి సమర్పించే లైసెన్సులిస్తాయి. జనం వారందరినీ కలిపి ఎల్‌టీపీ అంటారు. రెండు వందల గజాల ఇంటికి ఎల్‌టీపీ గీసిన ప్లాన్ పాసవుతుంది, ఆ తర్వాత మేస్త్రీ, ఇంటి యజమాని కలిసి కట్టేస్తారు. ఈ దేశంలో లేచే ఇళ్లలో ఎక్కువ భాగానికి సైట్‌లో ఆర్కిటెక్ట్ అడుగే పడదు. చట్టం దాన్ని తప్పు పట్టదు.

కోడ్ చెప్పిన కొలత, మేస్త్రీ వేసిన మెట్టు

నేషనల్ బిల్డింగ్ కోడ్‌ను మొదట 1970లో ప్రచురించారు. 1983లో, 2005లో సవరించారు. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2016 నాటిది. బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ దీన్ని వెలువరిస్తుంది. కోడ్ దానంతటది చట్టం కాదు. రాష్ట్రాలు, పురపాలక సంస్థలు తమ నిబంధనల్లో చేర్చుకున్నప్పుడే దానికి చట్టబలం వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల భవన నిబంధనలు ఎన్నోచోట్ల ఈ కోడ్‌నే చూపుతాయి కాబట్టి ఆర్కిటెక్ట్ బల్ల మీద అది ఎప్పుడూ ఉండాల్సిందే.

కోడ్ కాగితం మీద ఎంత స్పష్టంగా ఉన్నా సైట్‌లో అది ఎలా జారిపోతుందో మెట్ల దగ్గర తెలుస్తుంది. నివాసేతర భవనాల్లో మెట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు, అడుగు పెట్టే వెడల్పు 300కు తగ్గకూడదు. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య మూడు మీటర్లుంటే ఇరవై మెట్లు. డ్రాయింగ్‌లో లెక్క సరిపోయింది. సెంట్రింగ్ మేస్త్రీ ప్రతి మెట్టూ సరిగ్గా 150కే పోశారు. ఆ తర్వాత గదుల్లో ఇసుక, సిమెంటు, గ్రానైటు కలిపి 75 మిల్లీమీటర్ల ఫ్లోరింగ్ పడింది. మెట్ల మీద 35 మాత్రమే పడింది. దాంతో అడుగున మొదటి మెట్టు 110కి దిగింది, పైన చివరి మెట్టు 190కి లేచింది. మధ్యలోని పద్దెనిమిదీ 150 దగ్గరే ఉన్నాయి. మామూలు రోజున అక్కడ కాలు తట్టుకుంటుంది, అంతే. పొగలో, చీకట్లో వందమంది ఒకేసారి దిగుతున్నప్పుడు అదే చోట మనుషులు ఒకరి మీద ఒకరు పడతారు. దీన్ని సరిదిద్దగలిగిన సమయం ఒక్కటే, మెట్లకు సెంట్రింగ్ కొట్టాక, కాంక్రీటు పోయకముందు. ఫ్లోరింగ్ మందాలు తెలిసినవారు ఆ పూట టేపు పట్టుకుని చూస్తే సరిపోతుంది. ప్లాన్ పాస్ చేసిన కార్యాలయం నుంచి ఆ పూట ఎవరూ రారు.

ర్యాంపు సంగతీ ఇంతే. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం అందుబాటు ప్రమాణాలు పాటించని ప్లాన్‌కు అనుమతి ఇవ్వకూడదు, కట్టాక పూర్తయినట్టు ధ్రువపత్రం కూడా ఇవ్వకూడదు. ఈ ప్రమాణాలను సలహాలుగా వదిలేయకుండా తప్పనిసరి నియమాలుగా తేవాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. చక్రాల కుర్చీ ఎక్కే వాలు పన్నెండుకు ఒకటి. రెండడుగుల బేస్‌మెంట్ ఉన్న క్లినిక్‌కు ఇరవై నాలుగు అడుగుల ర్యాంపు పడుతుంది. ఆర్కిటెక్ట్ ఆ పొడవు లెక్కవేసుకునే భవనం ముందు ఖాళీ వదిలారు. తీరా పునాదులు లేచాక యజమానికి భయం పట్టుకుంటుంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతున్నారు, వానాకాలం నీళ్లు లోపలికొస్తాయి, బేస్‌మెంట్ ఇంకో అడుగు లేపుదాం అంటారు. భయం నిజమే. కానీ ఆ ఒక్క అడుగుతో ర్యాంపు ముప్పై ఆరు అడుగులవుతుంది, అంత పొడవు స్థలంలో ఉండదు. ఆర్కిటెక్ట్ అక్కడుంటే ర్యాంపును మలుపు తిప్పి నడుమ ల్యాండింగ్ ఇస్తారు. లేకపోతే మేస్త్రీ ఉన్న చోటులోనే నిటారుగా పోసేస్తారు. బయటికి చూస్తే ర్యాంపు ఉన్నట్టే ఉంటుంది, దాని మీద చక్రాల కుర్చీ మాత్రం ఎక్కదు.

అప్పుడప్పుడు వచ్చే మనిషి

ఆర్కిటెక్ట్ సైట్‌కు ఎన్నిసార్లు రావాలన్నది పార్లమెంటు చేసిన చట్టంలో లేదు. అది ఒప్పందంలో ఉంటుంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రూపొందించిన సేవా షరతుల ప్రకారం ఆర్కిటెక్ట్ ఇరుపక్షాలు ఒప్పుకున్న వ్యవధుల్లో సైట్‌కు వచ్చి పని చూడాలి, డ్రాయింగ్‌లలో సందేహాలు తీర్చాలి, ఒప్పందం ప్రకారం సాగుతోందో లేదో గమనించాలి. రోజువారీ పర్యవేక్షణకు వేరే సూపర్‌వైజరో కన్‌స్ట్రక్షన్ మేనేజరో ఉండాలి. వారు ఆర్కిటెక్ట్ చెప్పినట్టు పనిచేయాలి, జీతం మాత్రం యజమాని ఇవ్వాలి.

ఏర్పాటు సబబైనదే. లోపమంతా దాని ఆచరణలో ఉంది. పెద్ద ప్రాజెక్టుల్లో సూపర్‌వైజర్లు, క్వాలిటీ ఇంజినీర్లు ఉంటారు. మధ్యతరగతి ఇంట్లో ఆ జీతం దండగ అనిపిస్తుంది. యజమానే సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ చూసుకుంటారు. పిల్లర్ల రింగుల కొసలు కాంక్రీటు లోపలికి 135 డిగ్రీలు వంచాలని భూకంప భద్రతకు సంబంధించిన భారతీయ ప్రమాణం చెబుతుందని ఆయనకు తెలిసే అవకాశం లేదు. 90 డిగ్రీలకు వంచిన రింగు చూపుకు చక్కగానే ఉంటుంది, వంచడమూ తేలిక. భూమి కంపించి పిల్లర్ పైపూత రాలినప్పుడు ఆ కొస విప్పుకుంటుంది, లోపలి కడ్డీలు బయటికి ఉబ్బుతాయి. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో కేంద్రస్థానానికి ఎంతో దూరంలోని అహ్మదాబాద్‌లో కూడా బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. ఆ తర్వాతే దేశంలో స్ట్రక్చరల్ ఇంజినీరు బాధ్యతను నిబంధనల్లో గట్టిగా రాయడం మొదలైంది. ఇనుము లెక్క ఇంజినీరుదే. అయినా శ్లాబు ముందురోజు సైట్‌కు వచ్చిన ఆర్కిటెక్ట్ రింగు కొసలు చూడకుండా వెళ్లకూడదు.

సైట్‌లో ఆర్కిటెక్ట్ మాటకు విలువ రావాలంటే అది కాగితం మీద ఉండాలి. నోటితో చెప్పింది మర్నాటికి మేస్త్రీ గుర్తులో ఒకలా, కాంట్రాక్టరు గుర్తులో ఇంకోలా ఉంటుంది. అందుకే పద్ధతిగా పనిచేసేవారు సైట్ రిజిస్టరులో తేదీ వేసి, చూసింది, మార్చమన్నది రాసి సంతకం చేస్తారు. సంప్రదాయ నిర్మాణ ఒప్పందాల్లో ఆర్కిటెక్ట్‌కు ఇంకో బరువైన పని ఉంది. కాంట్రాక్టరు బిల్లును పరిశీలించి, జరిగిన పనికి తగ్గ సొమ్మునే ధ్రువీకరించడం. ఆర్కిటెక్ట్‌కు ఫీజు ఇచ్చేది యజమాని. అయినా బిల్లు దగ్గర ఇద్దరికీ సమంగా న్యాయం చేయాలని 1989 నాటి వృత్తి ప్రవర్తనా నియమాల స్ఫూర్తి. తప్పితే కౌన్సిల్ విచారణ జరిపి నమోదును నిలిపివేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు.

ఇంత బాధ్యత పెట్టిన చట్టం పని ఆపించే అధికారం మాత్రం ఆర్కిటెక్ట్ చేతికివ్వలేదు. ఆ అధికారం పురపాలక సంస్థది. ఆర్కిటెక్ట్ మారితే స్థానిక సంస్థకు తెలపాలని, కొత్తవారు వచ్చేదాకా పని ఆపాలని బిల్డింగ్ కోడ్‌లోని పాలనా విభాగం అంటుంది. మాట వినని యజమాని దగ్గర ఆర్కిటెక్ట్‌కు మిగిలే ఆయుధం తప్పుకోవడం, ఆ సంగతి రాసిపెట్టడం. చాలామంది ఫీజు పోతుందని, పేరు చెడుతుందని ఆ పని చేయరు. చేయాలి.

రెరా తెచ్చిన మార్పు

సైట్‌లో ఆర్కిటెక్ట్ స్థానాన్ని అన్నింటికన్నా ఎక్కువగా మార్చింది 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, రెరా. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. 500 చదరపు మీటర్ల స్థలం, ఎనిమిది ఫ్లాట్ల పరిమితి దాటిన ప్రాజెక్టులన్నీ నమోదు కావాలి. ఆర్కిటెక్ట్ ఎవరో, స్ట్రక్చరల్ ఇంజినీరు ఎవరో పేర్లతో సహా వెల్లడించాలి.

అసలు పట్టు డబ్బు దగ్గర ఉంది. కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టుకే కేటాయించిన విడి ఖాతాలో ఉండాలి. బిల్డరు అందులోంచి తీసుకోవాలంటే పని ఎంత శాతం పూర్తయిందో దానికి తగ్గట్టే తీసుకోవాలి. ఆ శాతం నిజమేనని ఇంజినీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ ధ్రువీకరించాలి. మూడో అంతస్తు గోడలు లేవకుండానే లేచాయని రాస్తే, కొనుగోలుదారుల కష్టార్జితం ఆ పత్రం చూపించి ఖాతా దాటిపోతుంది. కాబట్టి ఈ పత్రం ఇచ్చే ఆర్కిటెక్ట్ సైట్‌కు వెళ్లి, బ్లాకు బ్లాకుకూ తిరిగి, కళ్లతో చూసి రాయాల్సిందే. సైట్‌కు పోవడానికి ఇంతకాలం ఒప్పందమే కారణం. రెరాతో చట్టమే కారణమైంది.

14వ సెక్షన్ ఇంకో మలుపు. మంజూరైన ప్లాన్‌ను బిల్డరు ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. భవనం మొత్తానికో ఉమ్మడి స్థలాలకో సంబంధించిన మార్పు అయితే కొన్నవారిలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నిర్మాణ కారణాల వల్ల అవసరమైన చిన్న మార్పులకు ఆర్కిటెక్టో ఇంజినీరో సిఫారసు చేసి, సరిచూసి, కొన్నవారికి తెలియజేయాలి. పిల్లర్ తీయడం, గోడ కొట్టడం, విస్తీర్ణం పెంచడం చిన్న మార్పుల కిందికి రావని చట్టం విడమరిచి చెప్పింది. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఆ ఐదేళ్లలో పగులు ఎందుకొచ్చిందన్న ప్రశ్న వస్తే పాత సైట్ రిజిస్టరే సాక్ష్యం.

నోయిడాలో సూపర్‌టెక్ జంట భవనాల కథ రెరాకు ముందే మొదలైంది. కొన్నవారి సమ్మతి లేకుండా, భవనాల మధ్య ఉండాల్సిన దూరం వదలకుండా ప్లాన్ మార్చి కట్టారని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2022 ఆగస్టు 28న ఆ రెంటినీ పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు.

కూలీల ప్రాణం గీతలోనే ఉంది

2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో ఎందరో విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవారు. దాని పక్కనున్న రెండో భవనాన్ని 2016 నవంబరులో కూల్చివేశారు. మరుసటి నెలలోనే హైదరాబాద్ నానక్‌రాంగూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలింది. అక్కడా విజయనగరం కుటుంబాలే కన్నీరు పెట్టాయి. కట్టే చేతులు ఎక్కువగా ఉత్తరాంధ్రవి, పాలమూరువి. ఈ దేశపు నిర్మాణ చట్టం ఎంత మంచిదో ఆ ఊళ్లను అడగాలి.

నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడే ఏర్పాటూ అప్పుడే జరిగింది. దాని కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాల్లో ఆర్కిటెక్టుల గురించి ఒక ముఖ్యమైన మాట ఉంది. ప్లాన్ దశలోనే కార్మికుల భద్రతను, ఆరోగ్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి, ప్రమాదకరమైన పద్ధతులు, పదార్థాలు డిజైన్‌లో పెట్టకూడదు, కట్టాక మరమ్మతులకు ఎక్కేవారి క్షేమం కూడా చూడాలి. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ఈ బాధ్యతను నియమాల స్థాయి నుంచి చట్టం స్థాయికి తెచ్చింది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది.

ఇది బొత్తిగా గుర్తింపు దొరకని నిబంధన. ఏసీ బయటి యూనిట్‌ను ఆరో అంతస్తు గోడకు, చేయి అందనిచోట పెట్టమని గీసిన గీత ఒక మెకానిక్‌ను కిటికీలోంచి వేలాడదీస్తుంది. భవనం ముందంతా అద్దాలు పెట్టి, వాటిని తుడిచేవారి తాడు కట్టుకోవడానికి పైన ఒక్క కొక్కెం కూడా ఇవ్వకపోతే తప్పు తాడుది కాదు. ఓవర్‌హెడ్ ట్యాంకుకు కటకటాల్లేని ఇనుప నిచ్చెన కూడా అలాంటిదే. హెల్మెట్లు, వలలు కాంట్రాక్టరు బాధ్యత. ఎక్కాల్సిన అవసరమే లేకుండా చేయడం, ఎక్కితే పట్టుకోవడానికి ఏదైనా ఉంచడం ఆర్కిటెక్ట్ బాధ్యత. దాన్ని చట్టం ఇప్పుడు నేరుగా చెబుతోంది.

ప్రాణాలు పోయాక చట్టం భాష మారుతుంది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల దాకా జైలు. ఆ విచారణలో ఎవరు గీశారు, ఎవరు చూశారు, ఎవరు చూడకుండా సంతకం పెట్టారు అన్న ప్రశ్నలు వస్తాయి.

స్వీయ ధ్రువీకరణ బరువు

సైట్‌ను బట్టి తగిలే కేంద్ర నిబంధనలు ఇంకొన్ని ఉన్నాయి. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. చార్మినార్, గోల్కొండ, వరంగల్ కోట వంటి రక్షిత కట్టడాల నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే.

అనుమతుల తీరు రాష్ట్రాల్లో వేగంగా మారింది. తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 75 గజాలలోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు మించని ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు. 600 గజాలలోపు, పది మీటర్లు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు. ఆంధ్రప్రదేశ్‌లోనూ స్వీయ ధ్రువీకరణ వచ్చింది. కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, అది మంచిదే. కానీ ముందుగా పరిశీలించే అధికారి పక్కకు తప్పుకున్నచోట ఆ బరువంతా ప్లాన్ గీసినవారి మీద, యజమాని మీద పడింది. సైట్ చూడకుండా సంతకం పెట్టడం ఇంతకుముందు కన్నా ఇప్పుడు ఎక్కువ ప్రమాదం.

తెలుగునాట సైట్‌లో జరిగే మార్పుల్లో వాస్తు సలహాలది పెద్ద వాటా. గోడలు లేచాక ఎవరో వచ్చి మెట్లు ఈ మూల తగవంటారు. మెట్లను సెట్‌బ్యాక్‌లోకి జరుపుతారు. అది మంజూరైన ప్లాన్‌కు ఉల్లంఘనే. పట్టింపు ఉంటే దాన్ని ప్లాన్ దశలోనే చెప్పి గీయించుకోవాలి, తర్వాత మార్చక తప్పకపోతే సవరించిన ప్లాన్‌కు అనుమతి తీసుకోవాలి. చిన్నవాటిని మినహాయించి మిగతా భవనాల్లో పది శాతం నిర్మిత భాగాన్ని పురపాలక సంస్థకు తనఖా పెట్టాల్సి ఉంటుంది. ఉల్లంఘన ఉంటే ఆ తనఖా విడుదల కాదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) రాదు. ఓసీ లేని భవనాలకు కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వకూడదని, మంజూరైన ప్లాన్‌ను సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది.

ఇతర దేశాలు ఈ లోటును ఎలా పూడ్చుకున్నాయో చూడదగింది. బ్రిటన్‌లో కూడా ఆర్కిటెక్ట్ చట్టం హోదాకే రక్షణ ఇస్తుంది. కానీ 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయాక, 2022లో తెచ్చిన భవన భద్రతా చట్టం డిజైన్ చేసేవారి, కట్టేవారి బాధ్యతలను విడివిడిగా నిర్ణయించింది. ఎత్తయిన నివాస భవనాల్లో నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా పని మొదలుపెట్టడానికి వీల్లేదు. ఫ్రాన్స్‌లో ఆర్కిటెక్ట్ సహా కట్టినవారందరి మీదా పదేళ్ల బాధ్యత ఉంది, దానికి బీమా తప్పనిసరి. మన 1972 చట్టం అలాంటి బీమాను కోరలేదు. పరిమితి దాటిన ప్రతి భవనానికీ ఏయే దశల్లో ఆర్కిటెక్ట్, ఇంజినీరు సైట్‌లో ఉండి తీరాలో చట్టమే రాయాలి. ప్రమాదం కనిపిస్తే పని ఆపించే అధికారం వారికివ్వాలి. దానికి తోడు బీమా కావాలి. ఈ మూడూ లేకుండా సంతకాల సంఖ్య ఎంత పెంచినా సైట్‌లో భద్రత పెరగదు.

చట్టం మారేలోపు కట్టుకునేవారు చేయగలిగింది ఉంది. డ్రాయింగ్ మీది సీఏ నంబరును కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. మార్కింగ్ రోజున, పునాది ఇనుము కట్టాక, ప్లింత్ బీమ్ దగ్గర, ప్రతి శ్లాబుకు ముందు ఆర్కిటెక్ట్, ఇంజినీరు వచ్చి చూడాలని ఒప్పందంలో రాయించండి, ఆ రాకపోకలకు వేరే ఫీజు ఇవ్వడానికి వెనకాడకండి. మంజూరైన ప్లాన్‌తో పాటు ఒక రిజిస్టరు సైట్‌లో ఉంచండి. చూసినట్టు అందులో రాసి సంతకం చేసేదాకా కాంక్రీటు వేయనివ్వకండి.